పొయ్యి లేని ఇళ్లు

జనగామలో చెరువు కట్ట ఎక్కి అవతలికి దిగితే మా వాడ. శికం వాడ అనేవాళ్లు. చెరువు నిండితే నీళ్లు నిలవాల్సిన నేలను శికం అంటారు. మా ఎరుకలో ఆ చెరువు నిండింది లేదు గనుక నీళ్లు ఉండాల్సిన చోట మేం ఉన్నాం. రేకుల ఇళ్లు, మధ్యలో ఒక నల్లా, కట్ట పొడుగునా తుమ్మచెట్లు, వాటి కింద తంగేడు, గునుగు. మున్సిపాలిటీ కాగితాల్లో మాది ఆక్రమణ. మేం మాత్రం మా ఊరనే అనుకున్నాం.

ఆ ఊరికి నన్ను తెచ్చింది మా అక్క. మాది బయ్యారం దగ్గర ఒక తండా. అమ్మ, బాపు ఒకరి వెనక ఒకరు పోయారు. అప్పటికే అక్క భర్త కూడా పోయాడు. పదహారేళ్ల పిల్ల, నన్ను చంకనేసుకుని మానుకోటలో రైలెక్కి జనగామలో దిగింది. పరాయి ఇళ్లలో అంట్లు తోమింది, ఆ తర్వాత కట్ట మీద కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయ అమ్మింది. నేను ఇంటర్ దాకా చదివి అంగన్‌వాడీ టీచర్ని అయ్యానంటే ఆ పల్లికాయ చలవే. ఇంట్లో మేం మా తండా భాషలోనే మాట్లాడుకునేవాళ్లం, గడప దాటితే తెలుగు. ఆమె మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

నా పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు ముగ్గురం ఒకే పొయ్యి మీద తిన్నాం. ఒకరోజు పొద్దున లేచి చూద్దును కదా, మా గదికి ఆనించి కట్టిన చిన్న రేకుల గదికి అడ్డంగా తడిక కట్టేసి, దాని ముందు చూరు కింద అక్క ఇనుప పొయ్యికి లోపల మట్టి మెత్తుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందక్కా గిది? నేను నీకు తిండి పెడ్తలేనా? వాడకట్టంత ఏమనుకుంటది?"

"అక్క కుంపటి వేరు పెట్టుకుందనుకుంటరు, ఇంకేమనుకుంటరు? నీకు మొగడున్నడు, రేపు పిల్లలైతరు. ఎన్నొద్దులని నీ మీద పడి తినాలె? నా పొయ్యి నాకుంటేనే నాకు ఇజ్జత్."

నేను వారం రోజులు మాట్లాడలేదు. నా కోపం ఎప్పుడూ అంతే, భగ్గుమంటుంది, తర్వాత నేనే పోయి పలకరించాలి. ఆ పొయ్యి మీద ఏది ఉడికినా ముందు ఒక గిన్నె తడిక మీంచి మా ఇంట్లోకి వచ్చేది. మా ఆయన అక్క చేతి జొన్నరొట్టె తప్ప నా రొట్టె తినడం మానేశాడు. అయినా, నాకు బిడ్డ పుట్టాక కూడా ఆమెది వేరే ఇల్లు, మాది వేరే ఇల్లు. పండక్కి మేం పిలవాలి, ఆమె రావాలి.

"రాష్ట్రం వస్తది" అన్న మాట గట్టిపడుతున్న కొద్దీ మా చుట్టూ నేల ధర లేస్తూ వచ్చింది. రాష్ట్రమొస్తే జనగామ జిల్లా అవుతుందని ఒకడు, కలెక్టరాఫీసు ఇటే వస్తుందని ఇంకొకడు. నిన్నటిదాకా మేకలు మేసిన చెలకల్లో తెల్లరాళ్లు పాతారు. చెరువుకు అవతలి ఒడ్డున పెద్ద వెంచర్ వేసినాయన్ని మేమంతా పటేలు అనేవాళ్లం. తరిగొప్పుల వైపు భూములున్న కుటుంబం. ఉద్యమంలో కూడా ముందుండేవాడు. మెడలో కండువా, నోటి నిండా "చెల్లె, అక్క, అవ్వ". మనిషి చెడ్డవాడని నేనప్పుడు అనుకోలేదు, ఇప్పుడు కూడా తేల్చి చెప్పలేను. వెంచర్‌లో ప్లాటు చూడటానికి హైదరాబాదు నుంచి కార్లలో వచ్చినవాళ్లకు చెరువు మీదుగా ముందు కనిపించేది మా రేకులు, మా బర్రెలు, తుమ్మకొమ్మల మీద ఆరేసిన మా లంగాలు. అది ఆయనకు ఇబ్బందే కదా మరి.

అట్లా వచ్చింది పార్కు ముచ్చట. మున్సిపల్ ఆఫీసులో గోడకు రంగుల పటం పెట్టారని తెలిసి ఐదారుగురం ఆడవాళ్లం వెళ్లాం. నీలి రంగులో చెరువు, దాని చుట్టూ నడిచే బాట, గడ్డి మైదానం, ఫౌంటెన్, కూర్చోవడానికి బల్లలు. అన్నీ చక్కగా ఉన్నాయి. పటం గీసిన అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు. నేను వేలు పెట్టి వెతికాను.

"మా ఇండ్లేవి తమ్మీ?"

"ఇది ఎగ్జిస్టింగ్ కాదమ్మా, ప్రపోజ్డ్."

"అంటే?"

"ఇప్పుడున్నది కాదు, రాబోయేది."

మా ఇల్లుండే చోట ఒక ఆకుపచ్చ గుండు చుక్క ఉంది. చెట్టన్నమాట. మా వాడలో చెట్లు లేవా, కట్టంతా చెట్లే కదా అన్నాను. అవి తుమ్మచెట్లమ్మా, ముళ్లు, వాకింగ్‌కు పనికిరావు, తాటి జాతివి బయటి నుంచి తెప్పిస్తాం అన్నాడు. పాపం మర్యాదగానే చెప్పాడు. తంగేడు సంగతి నేనిక అడగలేదు.

నేను ఊరుకుంటానా? వాడంతా వెంటేసుకుని రెండుసార్లు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. చివరికి పటేలే మధ్యన పడి మాట తెచ్చాడు. టౌను బయట గుట్ట పక్కన సర్కారు జాగ ఉంది, వాడలో ఉంటున్న ప్రతి కుటుంబానికీ ఒక జాగ ఇస్తారు. కుటుంబమంటే ఏది? ఒక గోడకు రెండు కుటుంబాలు, ఒక కప్పు కింద ముగ్గురు కోడళ్లు. ఎట్లా లెక్కపెడతారు? పొయ్యిని బట్టి. వేరే పొయ్యి ఉంటే వేరే కుటుంబం. పొయ్యికి ఒక జాగ.

ఆ మాట విన్న మర్నాటి నుంచి మా వాడలో తమాషా చూడాలి. నిన్నటిదాకా అత్త చేతి అన్నం తిన్న కోడళ్లంతా వేరు పడ్డారు. ఒక ముసలాయన భార్యతో కొట్లాటని చెప్పి తన పేరున ఇంకో పొయ్యి పెట్టాడు. ఆ అవ్వ వచ్చి దాన్ని తన్నిపోయింది. మేం నవ్వలేక చచ్చాం. అక్కను కూడా ఆటపట్టించాను.

"చూసినవా, నీతోని నేను కొట్లాడిన పొయ్యి ఇయ్యాల నీకు జాగ తెస్తున్నది."

"తెస్తే మంచిదే. గోడ పెట్టుకుంట. ఇన్నేండ్లకు ఒక గోడ" అంది. జీవితంలో ఆమె నాకు చెప్పిన ఒకే ఒక్క కోరిక అది. రేకులు కాకుండా, తడిక కాకుండా, ఇటుకల గోడ.

సర్వే వాళ్లు రాకముందే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. జనగామలో గుమాస్తా నుంచి తాసిల్దారు దాకా అందరూ టెంటు కిందే. ఇంక సర్వే ఎక్కడిది? సమ్మె అయిపోయాక వస్తారని అందరం వదిలేశాం. మనసంతా ఉద్యమం మీదే ఉంది. అబద్ధమెందుకు, అవి నా బతుకులో నేను నిటారుగా నడిచిన రోజులు. సినిమాల్లో మా మాటను తొత్తుల చేత, దొంగల చేత పలికించి నవ్వుకున్న వాళ్లకు జవాబు చెబుతున్నట్టే ఉండేది. నేను మైకు పట్టుకుంటే చౌరస్తా మొత్తం ఆగి వినేది. మా అక్క దూరంగా పల్లికాయ గంప పక్కన కూర్చుని, పక్కవాళ్లతో "మా చెల్లె" అని చెప్పుకునేది.

ఒకనాడు పటేలు వచ్చి, ఫలానా రోజు పెద్ద రోడ్డు మీద వంటావార్పు, బియ్యం పప్పు నేనే ఇస్త, మీ వాడ ఆడవాళ్లు రావాలె అన్నాడు. వంటావార్పు అంటే రోడ్డుకు అడ్డంగా కూర్చుని అక్కడే వండుకుని అక్కడే తినడం. మామూలుగా ఏదో నాలుగు ఇటుకలు పేర్చి వండేస్తారు. నాకే బుద్ధి పుట్టింది. నల్లా దగ్గర నిలబడి చెప్పాను.

"ఇటుకలెందుకే? మన పొయ్యిలే తీస్కపోదాం. ఇంటికొక పొయ్యి రోడ్డెక్కాలె. ఆ రోజు మన వాడల ఒక్క పొయ్యి కూడ అంటుకోవద్దు. ఎంతమంది ఆడోళ్లు లేచిండ్రో పొయ్యిలు చూసి లెక్కపెట్టుకోవాలె!"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె "మరి నీ గ్యాసు పొయ్యో?" అంది. మా ఆయన కిందామీదా పడి తెచ్చిన గ్యాసు కనెక్షన్ వాడలో మాకొక్కరికే ఉంది. "నాది తీస్కపోతే పోలీసోళ్లు బాంబనుకుంటరు" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పొద్దున వాడంతా పెళ్లికి బయల్దేరినట్టు ఉంది. ఇనుప పొయ్యిలు నెత్తికెత్తుకున్నారు, మూడు రాళ్ల పొయ్యి వాళ్లు మూడు రాళ్లూ గంపలో పెట్టుకున్నారు. అప్పుడు మా అక్క ఒక మాట లేపింది. పొయ్యి తీసిన జాగ బోడిగా విడిచిపెట్టి పోగూడదు, చావు జరిగిన ఇంట్లనే పొయ్యి జాగ బోడిగ ఉంటది, అలికి ముగ్గేసి పోవాలె అంది. అది నిజమే, మా తండాలోనూ అంతే, ఈ వాడలోనూ అంతే. ఎవరూ కాదనలేదు. బూడిద ఎత్తి పారేశారు, మసి గీకారు, పేడతో ఇంత మందాన అలికారు, ముగ్గులు పెట్టారు. అక్క తన పొయ్యి జాగ అలికి, తర్వాత కాళ్లు నొస్తున్నాయన్న ముగ్గురు ముసలమ్మల ఇళ్లు కూడా తనే అలికింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. ఆ రోజు మాకు పండగే అనిపించింది.

రోడ్డు మీద పొగ లేచి ఆకాశం కనబడలేదు. లారీలు అటు ఆగినవి అటే, ఇటు ఆగినవి ఇటే. డ్రైవర్లు కూడా దిగి మా దగ్గరే తిన్నారు. పటేలు స్వయంగా మజ్జిగ పంచాడు. పొద్దు వాలే వేళకు వేడి వేడి పొయ్యిలను గోనెసంచుల్లో చుట్టి మోసుకుంటూ, పాడుకుంటూ ఇంటికొచ్చాం.

వస్తే, తలుపుల మీద సుద్దతో గుర్తులు. మా తలుపు మీద ఒక అంకె. అక్క రేకు మీద ఇంటు గుర్తు. వాడలో సగానికి పైగా ఇళ్లకు ఇంటు గుర్తులే. మా ఆయన జ్వరమొచ్చి ఆ రోజు ఇంట్లోనే పడుకున్నాడు. చెప్పాడు.

"సర్వే పోరగాండ్లు వచ్చిండ్రు. సర్కారోళ్లు కాదు, ప్రైవేటోళ్లు, ఏదో ఏజెన్సీ అట. వాళ్లకు సమ్మె లేదట. అందరు రోడ్డు మీదికి పోయిండ్రని చెప్పిన. మేం కండ్లకు అవుపడ్డదే రాస్తం అన్నరు."

అందరూ నా ముఖం చూశారు. టీచరమ్మను కదా, చదువుకున్నదాన్ని కదా. నాకు గబుక్కున తట్టింది పోలియో. పోలియో చుక్కల రోజున మేమే కదా ఇల్లిల్లూ తిరిగి తలుపుల మీద సుద్దతో గుర్తులు పెట్టేది. పిల్లలు ఆ వేళకు ఇంట్లో లేకపోయినా, తాళం ఉన్నా ఇంటు వేస్తాం. ఇంటు అంటే మళ్లీ రావాలని. ఎన్నేళ్లుగానో నా చేత్తో నేనే వేసిన గుర్తు అది. ఇంకో అర్థముంటుందన్న అనుమానమైనా రాలేదు.

"పరేషాన్ గాకుండ్రి. ఇంటు పెడితే మళ్ల వస్తరన్నట్టు. మాకు గదే రూలు" అని నిండు గొంతుతో చెప్పాను.

అందరూ పోయి అలికిన ముగ్గుల మీద పొయ్యిలు మళ్లీ పెట్టుకున్నారు. సర్వే వాళ్లు మళ్లీ రాలేదు. సమ్మె ముగిసింది, ఆఫీసులు తెరిచారు, ఒకనాడు గోడకు జాబితా అంటించారు. అంకె ఉన్న ఇళ్లు మాత్రమే ఉన్నాయి. పక్కన ఇంకో కాగితంలో, తలుపు మీద ఇంటు ఉన్న ప్రతి ఇంటికీ ఎదురుగా ఒకటే మాట రాసి ఉంది, పొయ్యి లేదు, నివాసం లేదు. బూడిద కూడా లేని, అలికి ముగ్గేసిన వసారాల ఫొటోలు తీసి మరీ పెట్టారు. అక్క అలికిన జాగ ఫొటోలో ఎంత శుభ్రంగా ఉందో.

మా అంకె, మా ఆయన పేరు ఉన్నాయి. పోలీసులు బాంబనుకుంటారని నేను ఇంట్లో దాచిన గ్యాసు పొయ్యి మా జాగను కాపాడింది. రోడ్డెక్కనివాళ్ల పొయ్యిలన్నీ జాబితాలో ఉన్నాయి. నా మాట విన్నవాళ్లవి లేవు. గోడ ముందే ఒకామె నా కొంగు పట్టుకుంది.

"నీ మాట విని నెత్తి మీద పొయ్యి మోసినమే! నీది మాత్రం ఇంట్ల సల్లగున్నది. నీ నోట్ల మన్ను వడ!"

కొంగు విడిపించుకుని తిన్నగా పటేలు ఇంటికి పోయాను. ఆ తారీఖు చెప్పింది నువ్వే, సర్వే వస్తుందని నీకు తెలుసా అని అడిగాను. "ఏం మాట చెల్లె, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. నిజమో అబద్ధమో దేవుడికెరుక. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

అభ్యంతరాలు వినడానికి ఒక రోజు పెట్టారు, ఆఫీసు ముందు షామియానా కింద. జాబితాలో ఉన్నవాళ్లెవరైనా వచ్చి, ఫలానా మనిషికి వేరే పొయ్యి ఉందని సాక్ష్యం చెబితే చేరుస్తారు. అబద్ధమని తేలితే సాక్ష్యం చెప్పినవాళ్ల జాగ కూడా పోతుంది. ఆ షరతు వినగానే వాడ వాడంతా వెనక్కి తగ్గింది. ఎవరికి ఎవరు చెబుతారు? కోడళ్ల ఉత్తుత్తి పొయ్యిల సంగతి అందరికీ తెలుసు.

అక్కకు చెప్పాల్సింది నేను. అందులో రెండో మాట లేదు. ఆమె పొయ్యి నిజం, అది ఉత్తుత్తిది కాదు. ముందురోజు పటేలు మా గుమ్మంలోకి వచ్చాడు. అక్క కూడా అక్కడే కూర్చుని పల్లికాయ ఏరుతోంది.

"చెల్లె, మీ అక్కచెల్లెండ్లది ఒకటే ఇల్లు, నడుమ తడిక అడ్డం, అంతే గద? ఒక్క ఇంటికి రెండు జాగలు కొట్టేస్తున్నరని మీ మీద అర్జీ పడ్డది. సారు కిరికిరి పెడితే రెండూ పోతయి. నీకు ఆడపిల్ల. జర సోచాయించు."

"సోచాయించేదేముంది? ఉన్నది ఉన్నట్టు చెప్త" అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. అక్క ఏరిన కాయ గంపలో పోసుకుంది.

మర్నాడు షామియానా కింద ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే పోయాను. ఈ మాట నేను ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను. మా వంతు వచ్చింది. విచారణకు కూర్చున్న సారు కాగితాలు చూసి ముందు అక్కను అడిగాడు.

"నీకు వేరే పొయ్యి ఉన్నదామ్మా, లేకుంటే చెల్లె ఇంట్లనే తింటున్నవా?"

అక్క నా వైపు చూసింది. నా భుజం మీద నిద్రపోతున్న నా బిడ్డ వైపు చూసింది. కొంగు సవరించుకుంది.

"చెల్లె ఇంట్లనే తింటున్న సారూ. నాకు పొయ్యి లేదు."

సారు నా వైపు తిరిగాడు. "అంతేనా టీచరమ్మా?"

రేషన్ డీలర్ కాలరు పట్టుకున్నదాన్ని. చౌరస్తాలో లారీలు ఆపినదాన్ని. నేను తల ఊపాను. సారు పెన్నుతో ఒక గీత గీశాడు. నాకు ముందు కలిగింది బాధ కాదు, తేలిక. హమ్మయ్య, మా జాగకు ఏం కాలేదు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ వరుస తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నెల తిరగకుండా జేసీబీలు వచ్చాయి. తుమ్మచెట్లు ముందు పడ్డాయి, ఇళ్లు తర్వాత. జాబితాలో లేనివాళ్లు మానుకోట వైపు, ఉప్పల్ వైపు, ఎవరికి తోచిన దిక్కు వాళ్లు పోయారు. నాకు శాపనార్థాలు పెట్టినామె పోయేటప్పుడు నా బిడ్డ చేతిలో ఒక గాజు పెట్టి వెళ్లింది. గుట్ట పక్క జాగలో మేం రెండు గదులు వేసుకున్నాం. ఇటుకల గోడలు. అక్కను మాతోనే తెచ్చుకున్నాను. కానీ అక్కడ పల్లికాయ కొనే మనిషే లేడు. కట్ట దగ్గరికి పోదామంటే పోనూ రానూ ఆటో కిరాయికే పల్లికాయ అమ్మిన డబ్బులు చాలవు. అంట్లు తోమే ఇళ్లూ అంతే దూరం. పొద్దంతా ఖాళీగా కూర్చునేది. మా గ్యాసు పొయ్యి ముందు నిలబడి, "అంటియ్యాల్నా?" అని నన్ను అడిగి అంటించేది. ఆమె నన్ను అడగడం! ఎన్నిసార్లు కసిరానో, అడగొద్దే తల్లీ అని. అడగడం మానలేదు.

ఒక పొద్దున మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. వాడలో మాతో ఉండిన ఒకామె భూపాలపల్లిలో, బొగ్గుబావుల దగ్గర కాంట్రాక్టు కూలీలకు మెస్సు పెట్టిందట. వంటమనిషి కావాలట. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను, అరిచాను, ఏడ్చాను. "అరవకు, పిల్ల లేస్తది" అని నన్ను పక్కకు జరిపి వెళ్లింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు జనగామంతా రంగులు చల్లుకున్నాం. నేనూ ఆడాను. మనస్ఫూర్తిగానే ఆడాను, అది అబద్ధం కాదు. పార్కు అప్పటికి సగం అయింది. బిడ్డ మారాం చేస్తే ఒకసారి తీసుకెళ్లాను. బాట మీద బూట్లు వేసుకుని నడిచేవాళ్లు, గడ్డికి నీళ్లు కొట్టే మనిషి, ఎక్కడినుంచో లారీల్లో తెచ్చి నిలబెట్టిన చెట్లు. మా ఇల్లు ఏ జాగలో ఉండేదో చూపిద్దామనుకున్నాను. పోల్చుకోలేకపోయాను. గుర్తుపట్టడానికి కట్ట వంపు కూడా మిగల్లేదు, చదును చేసేశారు. ఒకామె "మీరు వెంచర్‌ల ఉంటరా?" అని అడిగింది. కాదన్నాను. మళ్లీ ఆ పార్కుకు పోలేదు.

తర్వాతి ఎండాకాలం అక్కను తీసుకొద్దామని భూపాలపల్లి పోయాను. కాటారం పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, మెస్సు. ఆకుల మీద కూడా బొగ్గు దుమ్ము. లోపల ఒకదాని పక్కన ఒకటి నాలుగు పెద్ద పొయ్యిలు మండుతున్నాయి. అక్క చెమటతో తడిసిపోయి గంటె తిప్పుతోంది. బాగా నల్లబడింది. రాత్రి పడుకునేది అక్కడే, బియ్యం బస్తాల పక్కన చాప మీద. నన్ను చూసి నవ్వింది, ముందు బిడ్డను అడిగింది, తర్వాత మా ఆయన్ని.

"రాష్ట్రం వచ్చిందక్కా. అంత అయిపోయింది. ఇంక నడువు, మన ఇంట్ల ఉందువు" అన్నాను.

"నీ ఇంట్ల" అంది. కోపంగా కాదు, లెక్క సరిచేసినట్టు. "ఈడ నేను వండితేనే నలుగురు తింటరు. ఈడ్నే ఉంట."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ మింగలేక కక్కలేక ఉన్నది నోట్లోకి వచ్చేసింది.

"ఆ రోజు సారు ముందు గట్లెందుకన్నవే? నీకు పొయ్యి ఉండె గద! నేను ఉన్నదనే చెప్దామని వచ్చిన. నువ్వే లేదంటివి. ఎందుకన్నవు?"

అక్క పప్పులో ఉప్పు వేసింది. అరచేతిలో ఇంత పోసుకుని రుచి చూసింది. చెయ్యి చీరకు తుడుచుకుంది.

"పటేలు అన్నది నేను గూడ విన్న గద. నీకు పోతదేమోనని బుగులైంది, అందుకే అన్న" అంది. "తర్వాత సారు నిన్ను అడిగె. నువ్వు కాదంటవని చూసిన."

నేను పీట మీద కూర్చున్నాను. ఆమె పళ్లెం కడిగి, అన్నం పెట్టి, పప్పు పోసి నా ముందు పెట్టింది.

"తిను" అంది. "మూడింటి బస్సు పోతే మళ్ల లేదు."